గేటు దగ్గరి చామంతికి మొగ్గ లేదు, వంగ వడలిపోతోంది: జనవరి పోటీకి అందుకోగలమా?

వంశధార ఒడ్డు (గుణుపురం)

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా వీధి చివర చెరువు గట్టు పక్కన చెత్త పోసే ఖాళీ స్థలం ఒకటి ఉండేది. ఈ వేసవిలో మా వీధివాళ్లం కొందరం కలిసి దాన్ని బాగుచేసి తోట వేశాం. ఎవరికీ జీతం లేదు. నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను, సాయంత్రాలు తోటకి వెళ్తాను. వచ్చినవాళ్లు చూసి, ఇది మా పెరట్లోనూ పండించుకోవచ్చు అనుకోవాలని మా కోరిక. అందుకే పూలూ కూరగాయలూ పక్కపక్కనే వేశాం.

జనవరి చివర్లో రాయగడలో పూలకీ కూరగాయలకీ పోటీ పెడుతున్నారట. మా తోట పేరుతో కూడా పంపుదామని అందరూ సరదాపడుతున్నారు. కానీ మూడు ఇబ్బందులు వచ్చాయి.

ఒకటి: జూలైలో ఒకే తల్లి మొక్కల నుంచి కోసిన చామంతి కొమ్మలు రెండు చోట్ల నాటాం. వెనక గోడ దగ్గరి వరసకి నిండా మొగ్గలు. గేటు దగ్గరి వరస ఇంకా బాగా, పచ్చగా పెరిగింది కానీ ఒక్క మొగ్గ లేదు. మట్టి అదే, గత్తం అదే, నీళ్లూ అవే.

రెండు: కాపుకొచ్చిన వంగ మొక్కలు ఉన్నట్టుండి వాలిపోతున్నాయి. ఆకు పచ్చగానే ఉంటుంది, పసుపు తిరగదు. పొద్దున్న కొంచెం తేరుకుంటాయి, మధ్యాహ్నానికి మళ్లీ వాలుతాయి, ఆ తర్వాత ఇక లేవవు. నీళ్లు ఎక్కువ పోసినా ఫలితం లేదు.

మూడు: ఇది కార్తీకం. తెల్లారకముందే ఎవరో వచ్చి బంతిపూలు కోసుకుపోతున్నారు. పోటీ అయ్యేదాకా గేటుకి తాళం వేద్దామని మావాళ్లలో కొందరు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఈ మూడింటి వల్ల చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

పర్లాకిమిడి తోటమాలి

అమ్మా, ముందు గేటు సంగతి. తాళం వెయ్యొద్దు. నలుగురూ చూడాలని వేసిన తోటని పోటీ కోసం మూసేస్తే, రేపు బహుమతి వచ్చినా ఊళ్లో ఎవరూ దాన్ని తమదనుకోరు. మీకు మనసొప్పలేదని రాశారు, మీ మాటే సరైనది. పూలు కోసేవాళ్ల గురించి కింద చెప్తాను.

నేను ఇక్కడ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మహేంద్రతనయ వైపు ఉన్న ఒక చిన్న తోటని మేం పెన్షనర్లం, కొందరు కాలేజీ పిల్లలు కలిసి చూసుకుంటాం. మా చామంతులకీ వంకాయలకీ బహుమతులు వచ్చాయి. ఎలా వచ్చాయో దాచుకోవలసిన అవసరం లేదు.

మీ గేటు పక్కన వీధి దీపం ఉందా? మీరు రాయలేదు గాని ఉండే ఉంటుంది. చామంతి రాత్రి పొడవుని బట్టి మొగ్గ వేసే మొక్క. దసరా దాటి పగలు కురచై, చీకటి ఎడతెగకుండా సాగితేనే దానికి పూతకాలం వచ్చినట్టు. రాత్రంతా మీద వెలుగు పడుతూ ఉంటే ఆకులే వేసుకుంటూ పోతుంది. మీ గేటు వరస బాగా పచ్చగా ఉండడానికి కారణం అదే, మట్టిలో లోపం ఏమీ లేదు. పాలీహౌసుల్లో చామంతి పండించే రైతులు రాత్రిపూట దీపాలు పెట్టి పూతని వెనక్కి జరుపుతారు, నల్లగుడ్డ కప్పి ముందుకు తెస్తారు. పెళ్లిళ్ల రోజులకి పూలు అందించడానికి వాళ్లు చేసే పనే మీ దీపం మీకు తెలియకుండా చేసింది.

దీపం తీయించమని మాత్రం అడగకండి. ఆ దారిన రాత్రి ఆడవాళ్లు నడుస్తారు. మొక్కలు కుండీల్లో ఉంటే వెనక్కి మార్చండి, మడిలో ఉంటే గుడ్డ కప్పండి. నాలుగు కర్రలు పాతి, వెలుగు దూరని మందపాటి నల్లగుడ్డ సాయంత్రం 5 గంటలకి వేసి, పొద్దున్న 7కి తీసెయ్యాలి. గుడ్డ మొక్క మీద పడకూడదు, కింద జానెడు ఖాళీ వదిలితే గాలి ఆడుతుంది. మొగ్గలో పూరంగు కనిపించేదాకా ఒక్క రాత్రి కూడా మానకూడదు. రకాన్ని బట్టి, గుడ్డ కప్పడం మొదలుపెట్టిన రోజు నుంచి 8 నుంచి 10 వారాల్లో పూస్తాయి. ఈ వారమే మొదలుపెడితే జనవరి మూడో వారానికి అందుతాయి.

ఇక్కడ ఒక పని తప్పకుండా చెయ్యండి. గేటు వరసలో రెండు మొక్కల్ని కప్పకుండా దీపం కిందే వదిలేసి, పక్కన తెలుగులో, ఒడియాలో బోర్డు పెట్టండి: "ఈ మొక్కకి రాత్రి వెలుగు పడుతోంది, ఆ మొక్కకి పడడం లేదు" అని. మీ ఊళ్లో ఎంతమంది ఇళ్లలో వరండా లైటు కింద చామంతి కుండీ ఉంటుందో చూడండి. మొగ్గ రాక, కుండీ మార్చి, మట్టి మార్చి, చివరికి నర్సరీవాడిని తిట్టుకునేవాళ్లకి ఆ బోర్డు ఒక్కటి చాలు. పోటీకి పంపే పువ్వుని జనం ఒక పూట చూస్తారు. ఈ రెండు మొక్కల్ని మూడు నెలలపాటు చూస్తారు.

వెనక వరసకి ఇప్పుడు పక్క మొగ్గలు గిల్లాలి. పెద్దపువ్వు రకం అయితే మొక్కకి ఒకటి నుంచి మూడు కొమ్మలు ఉంచి, ఒక్కో కొమ్మకీ చివర ఒక్క మొగ్గే ఉంచండి. మిగతా మొగ్గలు బఠాణీ గింజంత కాకముందే, వేలితో పక్కకి వంచితే ఊడిపోతాయి. మరీ ముదిరాక గిల్లితే మచ్చ పడుతుంది. సన్నపువ్వు గుత్తి రకం అయితే దీనికి తిరగేసి చెయ్యాలి: నడి మొగ్గ తీసేసి చుట్టూ ఉన్నవి ఉంచితే అన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి. ఇక్కడా వరసలో సగానికే గిల్లండి. సగం వదిలెయ్యండి. పిల్లలకి ఈ మొగ్గలు గిల్లడం చూస్తే మనసు చివుక్కుమంటుంది, మా కాలేజీ పిల్లలే మొదట్లో చెయ్యి వెయ్యడానికి భయపడేవారు. రెండు సగాలూ పూసిన రోజున ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

వేరుశనగ చెక్క గాని ఆవచెక్క గాని వారం రోజులు నీళ్లలో నానబెట్టి, తేట తీసి, పల్చని టీ రంగు వచ్చేలా నీళ్లు కలిపి పదిరోజులకోసారి మొదట్లో పొయ్యండి. మొగ్గ రంగు చూపగానే ఆపెయ్యాలి. పేనుబంక పడితే వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు కలిపి ఆకు అడుగున తగిలేలా సాయంత్రం కొట్టండి. పూరేకులు విచ్చాక పైనుంచి నీళ్లు పడనివ్వకండి.

డాలియా గురించి మీరు రాయలేదు. ఉంటే మాత్రం చివర మూడు మొగ్గలు వస్తాయి, నడిమిది ఉంచి పక్క రెండూ గిల్లడం, ఊతకర్ర కట్టడం. అంతే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా వెళ్లినప్పుడు ఎన్ని చెట్లు కూలాయో మీకూ తెలుసు. అప్పటి నుంచి మేం అక్టోబర్ చివరిదాకా డాలియాని మడిలో నాటం, సంచుల్లోనే వసారా కింద పెంచుతాం. మన తీరం వైపు ఉన్నవాళ్లు ఎవరైనా ఇదే చేస్తే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇక వంగ. మీరు చెప్పిన లక్షణాలు బాక్టీరియా వడలు తెగులువి. నిర్ధారణకి ఒక పరీక్ష ఉంది. అప్పుడే వడలిన మొక్క కాండాన్ని మొదట్లో ఏటవాలుగా కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన చివర నీళ్లలో మునిగేలా కదపకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో పాలలాంటి సన్నని దారాలు కిందికి దిగితే అదే తెగులు. దారాలు రాకపోతే వేరుకుళ్లు గాని, వేరే ఏదైనా గాని చూడాలి. ఇది గేటు దగ్గర బల్ల వేసి అందరి ముందూ చెయ్యండి. మన ఎర్రనేలల్లో, పులుపు ఎక్కువున్న మట్టిలో వంగ, టమాటా రైతులని ముంచేది ఇదే. మందు కొట్టి ఎవరూ దీన్ని నయం చెయ్యలేరు. మందుల షాపులో ఏది చేతిలో పెట్టినా కొనకండి.

దారాలు వస్తే ఆ మొక్కల్ని వేళ్లతో సహా తీసి కాల్చెయ్యండి, కంపోస్టు గుంతలో వెయ్యొద్దు. ఆ మడి నుంచి నీళ్లు పక్క మడికి పారనివ్వద్దు. పార కడగకుండా వేరే మడిలో పెట్టొద్దు. అక్కడ వంగ, టమాటా, మిరప, బంగాళదుంప కొన్నేళ్లు వెయ్యకుండా మొక్కజొన్న, చోడి, చిక్కుడు లాంటివి వేసుకోండి. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ తెగులుని తట్టుకునే వంగ రకాలు ఇచ్చారు, ఉత్కళ్ తారిణి, ఉత్కళ్ అనుశ్రీ లాంటివి. టమాటాలో ఉత్కళ్ కుమారి, ఉత్కళ్ పల్లవి ఉన్నాయి. మీ అదృష్టం ఏమిటంటే కృషి విజ్ఞాన కేంద్రం మీ గుణుపురంలోనే ఉంది. నారు, విత్తనం గురించి వాళ్లనే అడగండి, మట్టి కూడా తీసుకెళ్లి పరీక్ష చేయించండి. సున్నం ఎంత వెయ్యాలో ఆ కాగితం చూశాకే.

పోటీకి వంకాయ అందాలంటే ఈ వారంలో తట్టుకునే రకం నారు తెచ్చి, కొత్త మట్టి నింపిన సంచుల్లో నాటండి. నాటిన 60, 70 రోజులకి మొదటి కోత వస్తుంది. మొవ్వు వాలిన చోటల్లా లోపల పురుగు ఉంటుంది, దాన్ని రెండంగుళాలు కిందికి తుంచి పారెయ్యాలి. లింగాకర్షక బుట్ట (వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టేది) ఒకటి రెండు పెట్టండి.

మిగతావి పోటీ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. ముల్లంగికి 40, 45 రోజులు, అంటే డిసెంబర్ రెండో వారంలో విత్తాలి. ఇప్పుడే విత్తితే అప్పటికి బెండు పడుతుంది. కాలీఫ్లవర్ నారు ఈ వారమే నాటాలి. పువ్వు కోడిగుడ్డంత అయ్యాక దాని ఆకుల్నే మీదికి మడిచి వదులుగా కడితే తెల్లగా ఉంటుంది. మన నేలల్లో బోరాన్ తక్కువై పువ్వు మధ్యలో గోధుమరంగు తిరుగుతుంది, కాడ గుల్ల అవుతుంది. పువ్వు పడకముందే లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి ఒకసారి కొట్టండి.

చివరిగా పూలు కోసేవాళ్లు. వాళ్లు దొంగలు కాదమ్మా, దేవుడికి పువ్వు కావలసినవాళ్లు. కార్తీకం అయితే మార్గశిరం వస్తుంది, లక్ష్మివారాలు వస్తాయి, ఒడియావాళ్ల ఇళ్లలోనూ మన ఇళ్లలోనూ ఆ రోజు పూజే. మేం గేటు పక్కనే ఒక పొడుగు మడి పూజకని వేశాం: బంతి, మందారం, నందివర్ధనం, గన్నేరు. "ఈ మడిలో ఎవరైనా కోసుకోవచ్చు. మొక్కకి సగం పూలు ఉంచండి" అని రాశాం. లోపలి మడుల జోలికి రావడం తగ్గింది. ఇంకో మంచి కూడా జరిగింది, పొద్దున్నే పూలకి వచ్చే ఆడవాళ్లే ఆ మడికి నీళ్లు పోస్తున్నారు. బంతి కోసినకొద్దీ పూస్తుంది కాబట్టి నష్టం ఏమీ లేదు. నాటిన నెలకి తల తుంచితే కొమ్మలు విరివిగా వేసి అందరికీ సరిపోతుంది.

బరంపురం మిద్దెతోట

అక్కా, మాస్టారు పెంచడం గురించి అంతా చెప్పేశారు. నేను బల్ల మీద పెట్టడం గురించి చెప్తాను. పెంచిన కష్టం అంతా చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు.

ఐదు వంకాయలు అడిగితే అన్నిటికన్నా పెద్దవి ఐదు ఏరకండి. ఒకే సైజు, ఒకే రంగు, ఒకే వయసు ఉన్నవి ఐదు కావాలి. జడ్జిలు మొదట చూసేది అదే. నాలుగు చక్కగా ఉండి ఒకటి రాక్షసిలా ఉంటే మార్కులు పోతాయి. అందుకని కావలసినదానికి రెట్టింపు కోసి, నేల మీద పరిచి, ఎవరైనా ఇంకొకరితో ఏరించండి. పెంచినవాళ్లకి తమ కాయ మీద ప్రేమ ఎక్కువ ఉంటుంది, అడ్డొస్తుంది.

వంకాయకి ముచిక పచ్చగా ఉండాలి, ముళ్లు ఉన్నా సరే. టమాటాకీ ముచిక ఉండాలి. బూడిదగుమ్మడి మీది బూడిద తుడవకూడదు. నూనె రాసి మెరిపించడం అస్సలు వద్దు, పట్టుకుంటే తీసేస్తారు. ముల్లంగి, క్యారెట్ కడిగేటప్పుడు బ్రష్‌తో తోమితే గీతలు పడతాయి, చేత్తో నీళ్లలో కడగండి. పోటీ కాగితంలో 5 అని ఉంటే 5 పెట్టాలి. 6 పెడితే చూడకుండానే పక్కన పెట్టేస్తారు, ఇది చాలామందికి జరుగుతుంది.

పూలు ముందురోజు సాయంత్రం గాని, తెల్లవారుజామున గాని కొయ్యండి. నీళ్ల బకెట్ చేతిలో పట్టుకునే వెళ్లండి. కాడ ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, మెడదాకా నీళ్లలో రాత్రంతా చల్లని గదిలో ఉంచితే మర్నాడు సాయంత్రందాకా వాలవు.

నేను కొన్నేళ్లు అమెరికాలో ఉన్నాను. అక్కడ మాస్టర్ గార్డెనర్ అని ఒక పద్ధతి ఉంది, 1973లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైంది. విశ్వవిద్యాలయం వాళ్లు మామూలు మనుషులకి తోటపని శిక్షణ ఇస్తారు, బదులుగా వాళ్లు కొన్ని గంటలు ఊరికోసం పనిచెయ్యాలి: ప్రదర్శన తోటలు చూసుకోవడం, జనం తెచ్చే చీడ పట్టిన ఆకులు చూసి చెప్పడం. కొన్ని చోట్ల పోటీల్లో ఒకరి కాయని ఇంకొకరి కాయతో పోల్చరు. ఒక ప్రమాణం పెట్టుకుని, దాన్ని అందుకున్న ప్రతి ఒక్కరికీ మొదటి రకం రిబ్బన్ ఇస్తారు. మన దగ్గర కూడా పిల్లల విభాగానికైనా అలా ఇస్తే ఎంత బాగుంటుందో. మీ తోటలో వారానికి ఒక సాయంత్రం "మీ మొక్క జబ్బు చూపించండి" అని బల్ల వెయ్యండి అక్కా. మాస్టారు చెప్పిన గ్లాసు పరీక్షతోనే మొదలుపెట్టొచ్చు.

రాయగడ రైల్వే కాలనీ

ఇద్దరూ చెప్పింది బాగుంది. నాది ఒక్క మాట. సంకురాత్రికి సగం మంది ఊళ్లకి వెళ్లిపోతారు. పోటీ ముందు రెండు వారాలూ తోటకి మనిషి ఉండడు, నల్లగుడ్డ ఎవరు తీస్తారు, నీళ్లు ఎవరు పోస్తారు? "అందరం చూసుకుందాం" అంటే ఎవరూ చూడరు. మడికి ఒక ఇల్లు అని పేరు రాసి పెట్టండి, ఆ ఇంటివాళ్లు ఊరెళ్తే తాళంచెవి ఇచ్చినట్టు మడిని పక్కింటికి అప్పజెప్పాలి. ఇంకొకటి, సగం మొక్కలకే మొగ్గలు గిల్లమన్నారు మాస్టారు. మొదటి ఏడాది కాబట్టి, మొక్కలు తక్కువ ఉంటే పోటీకి పనికొచ్చేవి మరీ తగ్గిపోతాయి కదా. ఈ ఒక్క ఏడాదికి అన్నీ గిల్లేస్తే మంచిదని నాకు అనిపిస్తోంది.

వంశధార ఒడ్డు (గుణుపురం)

మాస్టారూ, దీపం ఉంది! సరిగ్గా గేటు మీదే. వరసలో దీపానికి దూరంగా ఉన్న చివరి మొక్కకి నిన్న చూస్తే చిన్న చిన్న మొగ్గలు కనిపించాయి. మీరు చెప్పాక ఇప్పుడు అర్థమైంది. గుడ్డకి దర్జీ అన్నయ్య దగ్గర నల్ల కాటన్ రెండు పొరలు కుట్టించాం. మా పక్కింటి పెద్దమ్మ సాయంత్రం కప్పుతానంది, పొద్దున్న నేను తీస్తాను.

గ్లాసు పరీక్ష గేటు దగ్గరే చేశాం. పాల దారాలు దిగాయి. చెరువు అవతల వంగ వేసే రైతు ఒకాయన నిలబడి చూసి, తన చేలో మొక్క ఒకటి తెచ్చి మా గ్లాసులోనే పెట్టించుకున్నాడు. ఆయనదీ అదే తెగులు. ఎన్నో ఏళ్లుగా పురుగుమందు కొడుతున్నాడట. మా తోట వల్ల ఒకరికి ఉపయోగం కలగడం ఇదే మొదటిసారి, చాలా సంతోషంగా ఉంది.

రెండు సందేహాలు. వెనక వరసలో మా దగ్గర ఉన్నవి తక్కువ మొక్కలే. రాయగడ అన్నయ్య అన్నట్టు అన్నీ గిల్లెయ్యమంటారా? ఇంకొకటి, ఆ రైతు తన చేలో వంగే వెయ్యాలంటున్నాడు, వేరేది వేస్తే కుదరదట. ఆయనకి ఏం చెప్పమంటారు?

పర్లాకిమిడి తోటమాలి

ఆ రైతుని మీ గేటు దాకా రప్పించారంటే మీ తోట పని మొదలైనట్టేనమ్మా.

రాయగడవారి సంకురాత్రి మాట నూటికి నూరుపాళ్లు నిజం, మడికి ఒక ఇల్లు పద్ధతి వెంటనే పెట్టండి. గిల్లడం గురించి మాత్రం నా మాట మార్చను. మొక్కలు తక్కువైతే సగం వద్దు, రెండే వదలండి. కానీ ఆ రెండూ వరసలో బలమైనవి అయి ఉండాలి. బలహీనమైనవి వదిలితే జనం చూసి, గిల్లడం వల్ల కాదు, మొక్కే మంచిది కాబట్టి అక్కడ పెద్దపువ్వు వచ్చింది అనుకుంటారు.

రైతుకి రెండు దారులు. ఒకటి తట్టుకునే రకం వెయ్యడం. తన సంతలో నల్లవంకాయే అమ్ముడవుతుందో, పచ్చదో ఆయనకే తెలుసు కాబట్టి విత్తనం కొనేముందు కాయ రంగు, ఆకారం కనుక్కోమనండి. రెండోది అంటు. మన పొలాల గట్ల మీద గుత్తులుగా చిన్న కాయలు కాసే ఉస్తి మొక్క వంగ జాతిదే, దాని వేరుకి ఈ తెగులు తట్టుకునే గుణం ఉంది. ఉస్తి నారు మీద తనకి కావలసిన వంగని అంటు కడితే పాత రకమే వేసుకోవచ్చు. ఉస్తి విత్తనం మొలవడం, ఎదగడం ఆలస్యం కాబట్టి వంగ విత్తనం కన్నా మూడు నాలుగు వారాలు ముందు చల్లాలి. రెండు కాండాలూ పెన్సిల్ సీసం కన్నా కొంచెం లావు అయ్యాక, కింది మొక్కని అడ్డంగా కోసి మధ్యలో చీల్చి, వంగ కొమ్మ కింది చివరని చీలలా సన్నగా చెక్కి అందులో దించి క్లిప్పు పెట్టాలి. తర్వాత వారంరోజులు నీడలో, పాలిథిన్ కప్పి తేమగా ఉంచాలి. నాటేటప్పుడు అతుకు మట్టికి పైనే ఉండాలి. మట్టి తగిలితే పై కొమ్మ వేళ్లు వేసుకుంటుంది, తెగులు మళ్లీ ఆ వేళ్ల నుంచే ఎక్కుతుంది.

ఇది మాటల్లో కన్నా చేత్తో చూస్తే సులువు. కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి, ఒక ఆదివారం మీ తోటలోనే చేసి చూపించమనండి. ఆ రైతునీ, ఆయన పక్క చేలవాళ్లనీ పిలవండి. నేనూ ఉస్తి విత్తనాలు తీసుకుని గుణుపురం బస్సెక్కుతాను.